జాలిపడి ఆ కాలర్ తీయకండమ్మా

ప్రశ్న:

డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. మా లాబ్రడార్ జూలీకి ఎనిమిదేళ్లు, 24 కిలోల బరువు. పోయిన వారం బకెట్ల కొద్దీ నీళ్లు తాగడం, తిండి మానేయడం, వెనక నుంచి చీము కారడం చూసి ఆస్పత్రికి తీసుకెళ్లాం. గర్భసంచిలో చీము పట్టిందని ఆపరేషన్ చేసి తీసేశారు. ఇవాళ్టికి ఐదో రోజు. పెరుగన్నం నాలుగు ముద్దలు తింటుంది, అంతే. రాత్రిళ్లు మూలుగుతుంది. మెడకు పెట్టిన ప్లాస్టిక్ కాలర్‌తో గోడలకు గుద్దుకుంటుంటే చూడలేక రాత్రి పూట తీసేస్తున్నాను. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె రాద్దామని మా అత్తమ్మ అంటున్నారు. నొప్పికి మేం వేసుకునే జ్వరం మాత్ర సగం ఇవ్వొచ్చా? వచ్చే వారం గంగజాతర, ఇంటినిండా బంధువులు. మెట్లు దించాలంటే భయంగా ఉంది. ఒక ఈత అయి ఉంటే ఈ జబ్బు వచ్చేది కాదని అందరూ అంటుంటే, తప్పంతా నాదేనేమో అని నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

ముందు మాత్ర సంగతి చెప్తాను, మిగతావి తర్వాత. పారాసిటమాల్ సగం కాదు కదా, పావు కూడా వేయకండి. కుక్క కాలేయం ఆ మందును మనంత తేలిగ్గా వదిలించుకోలేదు. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది, రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది, గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. ఒళ్లునొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా ప్రమాదం. కడుపులో పుండ్లు పడి రక్తపు వాంతులవుతాయి, కిడ్నీలు పోతాయి.

కుక్కలకూ మనుషులకూ వాడే మందు ఒకటే అయినా లెక్క వేరు. మెలాక్సికామ్ అనే నొప్పి మాత్ర మనకు 7.5 లేదా 15 మిల్లీగ్రాములది దొరుకుతుంది. కుక్కకైతే మొదటి రోజు తర్వాత కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తాం. మీ జూలీకి రోజంతటికీ కలిపి 2.4 మిల్లీగ్రాములన్నమాట. పెద్ద మాత్ర ఒక్కటి వేస్తే ఆరు రోజుల మందు ఒకేసారి పోసినట్టు. పైగా గర్భసంచిలో చీము పట్టిన కుక్కకు ఆ చీము విషం కిడ్నీల మీద కూడా పనిచేసి ఉంటుంది. అందుకే కిడ్నీ పరీక్ష చూశాకే ఏ నొప్పి మందు ఇవ్వాలో, ఎన్నాళ్లివ్వాలో డాక్టర్ తేల్చుకుంటారు. మీరు చేయాల్సింది ఒకటే. రేపు ఉదయాన్నే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, రాత్రిళ్లు మూలుగుతోంది, నొప్పి మందు ఇంకొన్నాళ్లు ఇవ్వాలా అని అడగండి. కుట్లు విప్పే తేదీ దాకా ఆగొద్దు. ఇలాంటి ఫోన్ వస్తే ఏ డాక్టరూ విసుక్కోరు.

ఫోన్ చేసే ముందు ఈ రాత్రి ఆ మూలుగు ఎలాంటిదో కనిపెట్టండి. పక్క మార్చుకునేటప్పుడు ఒకసారి మూలిగి మళ్లీ పడుకుంటే కంగారు పడక్కర్లేదు. కడుపు కోసి కుట్టారు, ఆ మాత్రం ఉంటుంది. కూర్చోలేక, పడుకోలేక తిరుగుతూ ఉన్నా, ఒళ్లు వణికినా, చల్లటి గదిలో కూడా నాలుక బయటపెట్టి ఎగపోసినా, ముందు కాళ్లు నేలకు ఆన్చి వెనక భాగం పైకెత్తి సాష్టాంగపడుతున్నట్టు నిలబడినా నొప్పి ఎక్కువగా ఉందని అర్థం. మూత్రం వస్తోందని లేపడానికి మూలిగే కుక్కలూ ఉంటాయి. పాత దాహం ఇంకా పూర్తిగా తగ్గి ఉండదు. పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బయటికి తీసుకెళ్లి చూడండి, సగం రాత్రులు అంతటితోనే నిమ్మళించవచ్చు.

తిండి విషయంలో నాకు కొంచెం అనుమానంగానే ఉంది. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు ముద్ద ముట్టకపోవడం మామూలే. ఐదో రోజుకి ఆకలి పుంజుకోవాలి. యాంటీబయాటిక్ వల్ల వికారం ఉండొచ్చు, దాన్ని ఖాళీ కడుపున వేస్తున్నారేమో చూసుకోండి. మందు మాత్రం మానకండి, ఇచ్చిన కోర్సు ఇచ్చినట్టు పూర్తి కావాలి. పెరుగన్నం ఒక్కటే అయితే బలం చాలదు. ఎముకల్లేని కోడి మాంసం ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి ఏమీ వేయకుండా ఉడికించి, సన్నగా చిదిమి, మెత్తటి అన్నంలో ఆ ఉడికిన నీళ్లతోనే కలపండి. గోరువెచ్చగా పెట్టండి. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది, కుక్కకు ఆకలి పుట్టేది ముక్కుతోనే. ఒకేసారి గిన్నెడు కాకుండా రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం, కావాలంటే మీ చేత్తోనే పెట్టండి. ఇలా పెట్టినా ఒక రోజంతా ఏమీ తినకపోయినా, రెండు మూడు సార్లు వాంతి అయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. విరేచనం కాలేదని కొందరు భయపడతారు. ఆపరేషన్‌కు ముందు పస్తు పెడతాం కాబట్టి మూడు నాలుగు రోజులు విరేచనం కాకపోవచ్చు. మూత్రం ఒక పూట రాకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక కాలర్. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ఇదే: రాత్రి పూట తీసేస్తున్నాను.

నేను పశువైద్యం చదివే రోజుల్లో మా ఇంట్లో మల్లి అని నాటు కుక్క ఉండేది. దానికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాం. ఆరో రోజు. అన్నం తినడానికి అడ్డంగా ఉందని కాలర్ తీశాను. అంతలో గాలీవానా లేచింది, దండెం మీది బట్టలు తెద్దామని మిద్దెపైకి పరిగెత్తాను. పది నిమిషాలు అయ్యుంటుందేమో. దిగి వచ్చేసరికి మల్లి రోలు పక్కన ఒత్తిగిలి పడుకుని, కళ్లు సగం మూసుకుని, ప్రశాంతంగా కడుపు నాక్కుంటోంది. అరుపు లేదు, బాధపడుతున్న గుర్తేమీ లేదు. దగ్గరికి వెళ్తే మూడు కుట్ల ముడులు లేవు, చర్మం వేలెడు వెడల్పు విచ్చుకుని లోపలి ఎర్రటి కండ కనిపిస్తోంది. మా అమ్మ పాత చీరలో చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, ఇంకో రెండు వారాలు. మల్లి బతికింది. చదివినదాన్ని నేనే ఆ పది నిమిషాల్లో చేసిన పొరపాటుకు అది రెండోసారి కోత పడింది.

నాకడం వల్ల పుండు మానుతుందని మన వాళ్లలో బలంగా ఉన్న నమ్మకం. కానీ కుక్క నోటినిండా సూక్ష్మక్రిములు. తడి తగిలే కొద్దీ చర్మం నాని మెత్తబడుతుంది, తర్వాత దారం తెంపడానికి పళ్లకు రెండు క్షణాలు చాలు. అది కూడా మనం నిద్రపోయిన వేళే చేస్తుంది. కాబట్టి పగలు మీరు పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూస్తుంటే తీస్తే తీయండి, రాత్రి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు.

ఆ కాలర్‌తో దాని బాధ తగ్గించే మార్గాలు ఉన్నాయి. మెడ దగ్గర మీ రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా బిగుతైతే ఒరుసుకుని పుండు పడుతుంది. ముందుకు ముక్కు దాటి రెండంగుళాలైనా ఉండాలి, పొట్టిదైతే పెట్టీ లాభం లేదు. కాలర్ మూతి కంటే చిన్న గిన్నె తీసుకుని ఇటుక మీద ఎత్తుగా పెట్టండి, అప్పుడు అంచు నేలకు తగలకుండా గిన్నె మీదుగా దిగుతుంది, తీయాల్సిన అవసరం లేకుండానే తింటుంది. టీపాయ్, కుర్చీలు గోడ వారకి జరిపితే గుద్దుకోవడం సగం తగ్గుతుంది. రోజుకోసారి లోపలి వైపు తడిబట్టతో తుడవండి, అన్నం మెతుకులు అంటుకుని పులిస్తే ఆ వాసన భరించలేకే కొన్ని పిచ్చెత్తినట్టు తల విదిలిస్తాయి. దాని చెవుల వెనక దురద పెడుతుంది, తనంతట తాను గోక్కోలేదు, ఆ పని మీ వేళ్లతో మీరు చేయండి. ఎంత హాయిగా తల వాలుస్తుందో చూడండి. మీ జాలంతా అక్కడ చూపించండమ్మా.

కుట్లను ఉదయం, సాయంత్రం మంచి వెలుతురులో చూడండి. పక్కన ఒకరు తల నిమురుతుంటే మీరు కడుపు వైపు చూడాలి. ఫోన్‌తో రోజూ ఒకే చోట నుంచి ఫోటో తీసి పెట్టుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మన జ్ఞాపకం కంటే ఫోటోలో బాగా తెలుస్తుంది, డాక్టర్‌కి పంపడానికీ పనికొస్తుంది. గీతకు రెండు వైపులా లేత ఎరుపు, కొంచెం ఉబ్బు, మొదటి రెండు రోజులు చుక్క చుక్కగా లేత గులాబీ నీరు, ఇవన్నీ మామూలే. ఐదో రోజుకు గీత పొడిగా ఉండాలి. చీము, దుర్వాసన, రోజురోజుకీ పెరిగే వేడి వాపు, కుట్ల మధ్య సందు, ఇవి కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. కొన్నిసార్లు కుట్ల కింద మెత్తగా నీళ్ల సంచి లాంటి ఉబ్బు వస్తుంది, నొప్పి ఉండదు. కుక్క ఎక్కువ తిరిగితే లోపల నీరు చేరి అలా అవుతుంది, చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. సూది గుచ్చి తీయించాలని తొందరపడకండి. అయితే వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చే గడ్డ వేరు. లోపలి కుట్టు విడిపోయి పేగో కొవ్వో ముందుకు వస్తోందని దానర్థం, అప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇంకొక్కటి నేర్చుకోండి. పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు పాలిపోయి తెల్లకాగితంలా ఉంటే, కుక్క నీరసంగా కూలబడితే, కడుపు ఉబ్బితే లోపల రక్తం కారుతుండవచ్చు. అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. ముక్కు పొడిగా వెచ్చగా ఉందని జ్వరం అనుకోవద్దు, దానితో ఏమీ తెలియదు. డిజిటల్ థర్మామీటర్‌కి కాస్త వాజెలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కకు మామూలు వేడి. 103 దాటితే ఫోన్ చేయండి. ఆ థర్మామీటర్ దానికే ప్రత్యేకంగా ఉంచండి.

మీ అత్తమ్మ గారి మాట కొట్టిపారేయను. చెయ్యి తెగితే పసుపు అద్ది పెరిగిన వాళ్లం మనందరం. ఇక్కడ మాత్రం వద్దు. చర్మం అంచులు ఒకదానికొకటి అతుక్కుంటున్న చోట పొడి పడితే ఆ నలకలు మధ్యలో ఇరుక్కుంటాయి, పచ్చరంగు కింద ఎరుపూ చీమూ కనపడవు. కొబ్బరినూనె వాసనకు జూలీ ఇంకా ఆత్రంగా నాకుతుంది, దుమ్మూ అంటుకుంటుంది. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కొత్త చర్మాన్ని కాల్చేస్తాయి. డాక్టర్ ఏదైనా మందు రాసిస్తే అదే, లేకపోతే ఏమీ రాయకుండా పొడిగా ఉంచడమే వైద్యం.

అత్తమ్మ గారికి ఇంకో పెద్ద పని అప్పగించండి. ఈగలు. మన తిరుపతి ఎండల్లో చెమ్మగా ఉన్న పుండు మీద ఈగ వాలిందంటే గుడ్లు పెట్టేస్తుంది. తెల్లగా, సన్న నూకలు కుప్పగా అంటించినట్టు వెంట్రుకల మొదళ్లలో కనిపిస్తాయి. ఒక్క రోజులో అవి పురుగులై చర్మం కిందికి తొలుచుకుపోతాయి. ఎండాకాలంలో మా దగ్గరికి వచ్చే కేసుల్లో చూడలేనివి ఇవే. జూలీని బాల్కనీలో పడుకోబెట్టకండి, ఫ్యాన్ కింద గదిలోనే ఉంచండి, పగలు పడుకున్నప్పుడు దోమతెర కప్పినా మంచిదే. పాత కాటన్ బనియన్ తొడిగి వీపు మీద ముడి వేస్తే కుట్లకు కాస్త కాపుగా ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు పైకి మడవండి, ఆడకుక్క కాబట్టి మూత్రంతో తడుస్తుంది. తడిసిన బనియన్ ఒంటి మీద ఉంచడం కంటే లేకపోవడమే నయం. ఇది కాలర్‌కి తోడు మాత్రమే, కాలర్ బదులు కాదు. నూకల్లాంటివి ఒక్కటి కనిపించినా ఇంట్లో ఏదో పోసి చూద్దామనుకోకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మూడో అంతస్తు మెట్లకి మీరు భయపడటం సబబే. పైన చర్మం రెండు వారాల్లో అతుక్కున్నా, లోపల పొట్ట కండ కుట్టిన చోట పూర్తి బలం రావడానికి ఇంకా వారాలు పడుతుంది. మెట్లు దూకినా, సోఫా ఎక్కినా భారమంతా ఆ గీత మీదే. ఉదయం, రాత్రి ఇంట్లో ఇద్దరు ఉన్న వేళ చూసుకుని, మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి నాలుగు కొంగులూ పట్టుకుని దించండి. చేతులతో ఎత్తితే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి తొడల వెనక. పొట్ట కింద చెయ్యి వేయకండి, తువాలు కట్టి లేపడం అసలే వద్దు. మిగతా సమయాల్లో బాల్కనీ మూల పాత పేపర్లు పరిచి, కింద అది రోజూ మూత్రం పోసే చోటి మట్టి గుప్పెడు తెచ్చి చల్లండి. వాసన పట్టుకుని అక్కడే పోస్తుంది. ఇంట్లో టైల్స్ మీద కాళ్లు జారకుండా గోనెపట్టాలు, పాత చాపలు పరవండి. కిందికి దించినా పొట్టి గొలుసుతో ఐదు నిమిషాలే, ఎండ ముదరకముందే. హుషారు వచ్చిందని పరిగెత్తనివ్వకండి. ఏడో రోజు నుంచి ఒంట్లో బాగుంటుంది, ఆ హుషారులో కుట్లు తెంపుకునే ప్రమాదం ఉంటుంది.

జాతర విషయం. మీకు ఎనిమిదేళ్లుగా తెలిసిన జూలీనే అయినా, డప్పులు దగ్గరికి వస్తుంటే, బైరాగి వేషమో బండ వేషమో వేసుకున్న పిల్లలు గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఒక్కసారి ఉలిక్కిపడి లేచి గుమ్మానికి దూకితే చాలు. వీధి వైపు కాని గదిలో ఉంచి, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీయో రేడియోయో చిన్నగా పెట్టండి. తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి, జూలీకి ఎవరూ ఏమీ పెట్టకూడదు అని. మటన్ కూర వండిన రోజు ఎవరో ఒకరు ప్రేమగా ఎముక విసురుతారు. ఉడికిన ఎముక ముళ్లుగా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి. అమ్మవారి అంబలి చలవే కదా అనుకుంటారు, అందులో కూడా పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేస్తాం, అదీ వద్దు. మందులిచ్చే బాధ్యత ఇంట్లో ఒక్కరికే ఉండాలి. సందడిలో ఇద్దరు చెరో మాత్ర వేయడమో, ఎవరూ వేయకపోవడమో జరిగిపోతుంది. క్యాలెండర్‌లో టిక్ పెట్టుకోండి.

చివరగా, మీకు నిద్ర పట్టనివ్వని మాట. ఒక ఈత అయితే ఈ జబ్బు రాదన్నది నిజం కాదు. పిల్లల్ని పెట్టిన కుక్కలకూ వస్తుంది. ఎదకు వచ్చిన ప్రతిసారీ తర్వాత రెండు నెలలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ గర్భసంచి లోపలి పొరను మందంగా చేస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఆ పొరలో నీటి బుడగలు కడతాయి, కింది నుంచి క్రిములు చేరి చీము పడుతుంది. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల లెక్కలు తీస్తే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్లు నిండేలోపు సుమారు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది. ముందే గర్భసంచి తీయించి ఉంటే వచ్చేది కాదు, అది నిజమే, మీ దగ్గర దాచను. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మా డాక్టర్లం. మీరు చేసింది వేరే. నీళ్లు ఎక్కువ తాగుతోందని గమనించి, చీము కనపడగానే ఆస్పత్రికి పరిగెత్తారు. వయసైపోయిందిలే అని ఊరుకున్న ఇళ్లలో కుక్కలు మా బల్ల దాకా రాకుండానే పోతాయి. జూలీ బతికి ఉండటానికి కారణం మీరేనమ్మా.

మరోసారి కిడ్నీ పరీక్ష చేయించమని డాక్టర్ చెప్తే వాయిదా వేయకండి. మన ఊళ్లోనే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి ఆస్పత్రి మీకు దగ్గరే. దాహం రోజురోజుకీ తగ్గుతూ రావాలి. కొలత గిన్నెతో నీళ్లు పోసి ఎంత తాగిందో రాసుకుంటే డాక్టర్‌కి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది. ఒళ్లంతా వాసన వస్తోందని స్నానం చేయించాలనిపిస్తుంది, కుట్లు విప్పి ఇంకో రెండు మూడు రోజులయ్యేదాకా ఆగండి. అప్పటిదాకా కాళ్లూ మూతీ తడిబట్టతో తుడిస్తే సరిపోతుంది. రేపు డాక్టర్ ఏమన్నారో, జూలీ ఎన్ని ముద్దలు తిన్నదో నాకు రాయండి. ఈ రాత్రికి మాత్రం కాలర్ మెడలోనే ఉండనివ్వండి.